గట్టిమేళమా, ఆపరేషనా?

నందిగామ, 1998 మే, మంగళవారం

మా అమ్మాయి సరోజ పెళ్ళి కుదిరిన సంతోషం పట్టలేకపోతున్నాను, దేవుడా! కానీ గిన్నె కిందపడ్డా చెవుల్లో సూదులు గుచ్చినట్టు విలవిల్లాడే నేను, తాళి కట్టే వేళ గట్టిమేళం పక్కనే కూర్చోవాలి. ఆపరేషన్ చేస్తే బాధ తగ్గొచ్చు, అసలు వినికిడే పోవచ్చు అంటాడు బెజవాడ డాక్టరు. ఏదో ఒకటి తేల్చి చెప్పడేం?

జగ్గయ్యపేట బావమరిది మరీనూ. "పెళ్ళిలోపు చేయించేసుకో బావా, మేళం లేకపోతే నవ్విపోతారు" అని పొద్దుటినుంచీ ఒకటే పోరు. చెవులు నావా, వాడివా?

సరోజ వచ్చి, "మేళగాళ్ళని వీధిలో కూర్చోబెడదాంలే నాన్నా. అప్పగింతలప్పుడు నేను చెప్పేది నీకు వినపడాలిగా" అంది.

ఏం చెబుతావే తల్లీ అంటే, నవ్వి లోపలికి పోయింది.

ఇక ఆపరేషన్ ఎలా చేయించుకోను?