కోడలు పెట్టిన బొట్టు

మంగళవారం రాత్రి, రామన్నపేట

మనవరాలు సుజాతకు సర్కారు దవాఖానలో నర్సు కొలువు ఎస్సీ కోటాలో వచ్చింది. మేము కిరస్తానోళ్లమని ఎవరో అర్జీ పెట్టారు. నిజమని తేలితే కొలువు పోతుంది. ఈరోజు విచారణకు సారు వస్తున్నాడని కోడలు గోడ మీది సిలువ తీసి బియ్యం డబ్బాలో దాచింది. నా నుదుట ఇంత కుంకుమ బొట్టు పెట్టింది.

"జర ఓర్సుకో అత్తా, పిల్ల బతుకు."

బాప్తిస్మం తీసుకున్నాక నేను బొట్టు పెట్టుకోవడం ఇదే మొదలు.

సారు మంచిగానే మాట్లాడాడు. చాయ్ తాగుతూ నా ముఖం చూశాడు.

"అవ్వా, పెద్దాయన పొలం కాడికి పోయిండా?"

"లేడు సారూ. పోయిన ఎండాకాలం ప్రభువు దగ్గరికి పోయిండు."

"మరి గీ బొట్టేంది?"

హిందువుల్లో మొగుడు పోయిన ఆడది బొట్టు పెట్టుకోదు. ఆ సంగతి నాకూ కోడలికీ యాదికే రాలేదు. సారు సగం చాయ్ వదిలేసి వెళ్లిపోయాడు.

సుజాత డ్యూటీలో ఉంది, తనకింకా చెప్పలేదు. ముఖం రుద్ది రుద్ది కడుక్కున్నాను. ప్రార్థన చేద్దామని గోడ వైపు తిరిగితే మేకు ఒక్కటే ఉంది. ఆ డబ్బా మూత తీయడానికి నాకు మొహం చెల్లడం లేదు.