కదలని సైకిలు

ఆదివారం రాత్రి, జిగణి

మా ఆయన ఇన్నాళ్ళూ వాకిట్లో కూర్చుని తయారుచేసిన సైకిలు ఈరోజు పూర్తయింది. ముందు చక్రానికి బ్యాటరీ మోటరు, వెనక చక్రానికి గడ్డి కోసే మిషను ఇంజను. పూజ చేసి, తొక్కించడానికి రెండు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టాను. ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళే దారి నిండా లారీలే. అందుకే హారతి ఇస్తూ, ఇది కదలకుండా చూడు స్వామీ అని మొక్కుకున్నాను.

ఆయన ఎక్కి రెండూ ఒకేసారి ఆన్ చేశాడు. ఇంజను ముందుకు తోస్తుంటే మోటరు వెనక్కి లాగింది. సైకిలు ఉన్నచోటే వణుకుతూ నిలబడిపోయింది.

"ఏమప్పా, సైకిల్‌కి కోపం వచ్చిండాదా?" అని పక్కింటి గౌరమ్మ నవ్వింది. మొక్కుకున్నది నేనే అయినా, ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

ఆయన ముఖం చిన్నబోయింది. "మోటరు వైర్లు తారుమారు చేసినట్టుండాను మే. రేపు సరిచేస్తా," అంటూ వెనక సీటు మీది కుంకుమ తుడిచాడు. "ఈ సీటు నీకే. దినామూ బస్టాపుదాకా కాళ్ళీడ్చుకుంటా పోతాండావు కదా."

లారీల భయం ఇంకా అలాగే ఉంది...

నిమ్మకాయలు చెక్కు చెదరలేదు. కడిగి దేవుడి దగ్గర పెట్టాను. రేపు మళ్ళీ కావాలి.