అయిదో పేరు

ప్రియమైన తమ్ముడికి,

‘ప్రియమైన’ అన్నది అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు.

నీ పుస్తకం అచ్చయిన రెండేళ్ళకు మా మఠం చేరింది. అట్ట మీద నీ పేరు చూశాను. నలభై ఏళ్ళు మోకాళ్ళు అరిగేలా చర్చిల నేల మీద పాకి, సమాధి రాళ్ళ మీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, అక్షరం అక్షరం ఎత్తి రాసుకున్నది నేను. నువ్వు మఠం వదిలి కాలేజీ కుర్చీ ఎక్కాక, “చూసి ఇస్తాను, అన్నా” అని నా నోటుబుక్కు పట్టుకుపోయావు. చూపించావులే, లోకానికంతా!

తిన్నగా నూట పన్నెండో పేజీ తీశాను. ఒకే వారంలో జ్వరంతో పోయిన ఒకే ఇంటి పిల్లల రాయి. నాలుగు పేర్లు వేశావు. రాయి మీద ఉన్నవి అయిదు. నీకిచ్చే ముందు రోజు ఆ పేజీ తిరగరాసి, ఒక పేరు కావాలనే వదిలేశాను. ఒక్కసారి రాయి దగ్గరికి వెళ్ళినా తెలిసిపోయేది. నువ్వు వెళ్ళలేదు, దొరికిపోయావు.

అయిదోది ఎవరో చెప్పను. వెళ్ళి చూసుకో. నెలాఖరులోగా పత్రికకు తప్పు ఒప్పుకుంటూ రాయి. లేదా నేను రాస్తాను.

నీ అన్న,
తడికాగితం

*

తడికాగితం అన్నకు,

ఆ పేరు పెట్టింది నేనే. ఇంకా వాడుతున్నావు, సంతోషం.

పుస్తకం మొదటి పేజీ తెరవనేలేదు కదూ? ‘ఈ నకళ్ళన్నీ మా అన్నవి, నేను అచ్చు వేయించానంతే’ అని ఉంది. అట్ట మీద నీ పేరు అచ్చువాళ్ళు తీసేస్తే గట్టిగా అడగలేదు. అది నా తప్పే.

నిన్న వెళ్ళాను. రాయి లేదు. పోయినేడాది నేల తవ్వి టైల్స్ వేశారు. పాత రాళ్ళు పగలగొట్టి అడుగున పోశారు. గోడకు కొత్త పలక పెట్టారు, నాలుగు పేర్లతో. “మీ పుస్తకం చూసే చెక్కించాం సార్, ఒక్క అక్షరం పొల్లుపోలేదు” అని కాపలాదారు మురిసిపోయాడు.

పలక మీద ఆ నాలుగింటి కింద ఇంకో వరస పడుతుందట. చెక్కేవాణ్ణి ఆగమన్నాను. పత్రికకు నువ్వు చెప్పినట్టే రాస్తాను. ఆ పేరు చెప్పు అన్నా.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

మొదటి పేజీ తీశాను. అక్షరాలు మరీ చిన్నవి. అయినా కనపడ్డాయి.

మూడు వారాలుగా గదిలో ప్రతి కాగితమూ దులుపుతున్నాను, దొరకదని తెలిసే. ఆ రాయి మీంచి ఎత్తిన కాగితం, చించిన పాత పేజీ నీ కంట పడితే పేరు చేర్చేస్తావని, తిరగరాసిన రోజే రెండూ పొయ్యిలో పెట్టాను. నా బుర్రలో ఉంటే చాలనుకున్నాను. చచ్చిన భాషలు మూడు నాకు నోటికొచ్చు. ఆ పిల్ల పేరు రావడం లేదు.

అందరిలోకి చిన్నది. జాగా చాలక వాళ్ళ నాన్న రాయి అంచున ఇరికించి చెక్కించాడు. వదిలేయడం తేలికని దాన్నే ఎంచుకున్నాను.

అయిదో వరస చుట్టూ గీత గీయించి, ఖాళీగా ఉంచమను. పత్రికకు నువ్వు రాయకు, తప్పు నాదని నేనే రాస్తున్నాను. నా పేరు ఈసారి పైనే వేయమంటాను, పెద్ద అక్షరాల్లో.

అన్న