ఏ నెలలో రమ్మంటావు?

హట్‌బే, లిటిల్ అండమాన్
18-9-2004

ఒరేయ్ వెంకటప్పయ్యా,

ఇస్సాక్ సలాములు. మేమిక్కడ బాగున్నాం, నువ్వూ రావమ్మ చెల్లెమ్మా సాయిశ్రీ అక్కడ బాగున్నారని తలుస్తాను అని రాయాలి. కానీ మూడేళ్లకొక ఉత్తరం రాసే మనిషివి, నీ బాగోగులు తలుచుకోవడమే గానీ తెలిసేదెట్టా? తిట్టిపోద్దామనే కలం పట్టాను. అండమాన్ చూడాలనుంది, ఏ నెలలో రమ్మంటావు అని చివర్లో అడిగావు చూడు, ఆ ఒక్క ముక్కకి కోపమంతా పోయింది. పదకొండేళ్లలో మన వైపు మనిషి ఒక్కడంటే ఒక్కడు ఈ రేవులో దిగలేదు. మా అమ్మయితే ఓడ పేరెత్తగానే కళ్లు తిరుగుతున్నాయంటుంది.

సరే, విను. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా రావద్దు. వాన అంటే మన కృష్ణలంకలో పడి పోయే వాన కాదు. పది రోజులు పడుతూనే ఉంటుంది. ఉతికిన బట్ట ఆరదు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి మా దీవికి వచ్చే బోటు ఆపేస్తారు. వచ్చావంటే ఇక్కడే ఇరుక్కుపోతావు. నాకు సంతోషమేలే, మీ ఆఫీసరు ఊరుకోడు.

అక్టోబరు, నవంబరు అసలే వద్దు. ఎందుకో నీకు చెప్పాలా? డెబ్బై ఏడు నవంబరు ఉప్పెనలో అవనిగడ్డ స్కూలు డాబా మీద నీ చొక్కా నేనూ, నా చొక్కా నువ్వూ పట్టుకుని కూర్చున్నాం. ఆ గాలి మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నవంబరులో కాస్త గాలి లేస్తే చాలు, పిల్లల్ని ఇల్లు కదలనివ్వనని ఇక్కడివాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. ఉప్పెన అంటే ఏందో వాళ్లకేం తెలుసు? గాలి చెప్పకుండా సముద్రం మీదికి రాదు. గాలి చెప్పినా విననివాడే పోతాడు. నాకు తెలిసిన సముద్రం అంతే.

ఏప్రిల్‌లో ఎండలు, పైగా మంచినీళ్ల కరువు. ఫిబ్రవరి బంగారం లాంటి నెల గానీ అప్పుడు సాయిశ్రీకి పరీక్షలు దగ్గరపడతాయి. చదువు చెడగొట్టాడని రావమ్మ చెల్లెమ్మ చేత నేను తిట్లు తినలేను. కాబట్టి డిసెంబరు చివర రండి. క్రిస్మస్ సెలవలు కలిసొస్తాయి. వాన పోతుంది, గాలి పడిపోతుంది. బ్యారేజీ ఎగువన మన కృష్ణ ఎట్టా నిలబడి ఉంటుందో సముద్రం అట్టా ఉంటుంది. మోకాటి లోతు నీళ్లలో నిలబడితే నీ కాలి గోళ్లు నీకు కనపడతాయి.

బోటు ఇంజన్లు బాగుచేసే మా షెడ్డు జెట్టీ పక్కనే. తేదీ ఖాయం చేసుకుని ఒక కార్డు ముక్క పడెయ్యి. బోటు పొద్దున్నే రావాలి, ఒక్కోసారి మధ్యాహ్నమూ అవుతుంది. ఎప్పుడొచ్చినా జెట్టీ మీద నేనుంటాను. మీరు దిగేదాకా కదలను. లాడ్జీ గీడ్జీ అన్నావంటే తంతాను. మా ఇల్లు గుట్ట మీద, గాలీ వెలుతురూ బాగా వస్తాయి. మీకు గది ఖాళీ చేసి పెడతానని నసీమా అప్పుడే అంది. మా జాహిద్, గుల్షన్ బందరు లడ్డు అంటే ఎట్టుంటుందని ఒకటే గొడవ. అది లేకుండా వచ్చావంటే మిమ్మల్ని బోటు దిగనివ్వను.

ఆశ పెట్టి మానేశావో, ఊరుకోనురోయ్.

నీ
ఇస్సాక్


పోర్ట్‌బ్లెయిర్, సహాయ శిబిరం
20-2-2005

అన్నయ్య వెంకటప్పయ్య గారికి,

నసీమా సలాం. మా ఇంట్లో ఉత్తరాలు రాసే పని ఆయనది. ఆయన పోయాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా అత్తమ్మ బీబీజాన్ ఫోనులో మాట్లాడింది. మీరు ముగ్గురూ క్షేమంగా విజయవాడ చేరి, వించిపేట వెళ్లి తనను పలకరించారని చెప్పింది. అల్లా దయ అనుకున్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అనుకున్నాను అన్నయ్యా, నమ్మండి.

ఇరవై ఆరో తేదీ ఆదివారం పొద్దున బోటుకి దిగుతున్నామని మీరు రాసిన కార్డు పది రోజుల ముందే అందింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. షెడ్డులో అందరికీ చూపించారట. ఆదివారం ఆరు కాకముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని జెట్టీకి పోయారు. టీ తాగిపొమ్మంటే, వాళ్లొచ్చాక అందరం కలిసి తాగుదాం అన్నారు. ఆరున్నరకు భూమి ఊగింది. అటక మీది గిన్నెలన్నీ పడ్డాయి. పిల్లలిద్దర్నీ లాక్కుని వాకిట్లోకి వచ్చాను. గుట్ట మీద కాబట్టి మా దాకా నీళ్లు రాలేదు.

జెట్టీ దగ్గర టీకొట్టు నడిపే జాన్‌బాబు తెలుగువాడే. అతను పరుగెత్తి బతికాడు. మిగతాది అతను చెప్పిందే. ముందు నీళ్లు వెనక్కి పోయాయట, అడుగున రాళ్లు తేలేంతగా. జనం గుట్టవైపు పరుగెత్తారట. జాన్‌బాబు రెక్క పట్టుకుని లాగితే ఆయన రాలేదట. ఆకు కదలడంలేదు, గాలి లేకుండా ఉప్పెన ఏందిరా అన్నారట. మావాళ్లు బోటులో వస్తున్నారు, చిన్నపిల్ల ఉంది, దించుకోవడానికి మనిషి ఉండాలిగా, నువ్వు పో, నేనొస్తా అన్నారట. గాలిని నమ్మినవాడు అన్నయ్యా ఆయన. ఆరోజు నిజంగానే గాలి లేదు. జాన్‌బాబు గుట్ట ఎక్కుతూ వెనక్కి తిరిగి చూస్తే జెట్టీయే లేదట.

మూడో రోజున దొరికారు. ముఖం చూడనివ్వలేదు. చొక్కా చూసి, అవును అన్నాను. జేబులో కాగితం ముద్దయి ఉంది. ఒకే గోతిలో పద్నాలుగు మందిని పెట్టారు. జాహిద్ ఇప్పుడు స్నానానికి బకెట్ దగ్గరికి కూడా రాడు. గుల్షన్ చిన్నది, నాన్న బోటుకి ఎదురెళ్లాడనే అనుకుంటోంది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇదంతా రాయడంలేదు. డిసెంబరులో రమ్మన్నది ఆయనే. ఒక్కటే అడుగుతాను. అల మీ బోటు కిందినుంచి పోయిందనీ, బోటు వెనక్కి తిరిగి మీరు బయటపడ్డారనీ అత్తమ్మ చెప్పింది. అప్పటికి మీరు ఎంత దూరంలో ఉన్నారు? మీకు జెట్టీ కనిపించిందా? మీ బోటు ఆయన కంటపడి ఉంటుందా? మీరు క్షేమంగా ఉన్నారని చూసే ఆయన పోయారా, లేక నేనే రమ్మని పిలిచి వాళ్లను చంపుకున్నానని కుమిలిపోతూ పోయారా? ఏ పని చేస్తున్నా నాకిదే ఆలోచన. పిచ్చిదాన్నయిపోతానేమో అనిపిస్తోంది. ఏదైనా సరే తట్టుకుంటాను. ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ చెల్లెలు
నసీమా


విజయవాడ
14-3-2005

చెల్లెమ్మ నసీమాకు,

మీ అన్న వెంకటప్పయ్య ఆశీస్సులు. క్షేమమా అని అడగడానికి నోరు రావడంలేదు. మీరూ పిల్లలూ ధైర్యంగా ఉండాలని రావమ్మా నేనూ రోజూ దేవుణ్ని కోరుకుంటున్నాం. మీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. తీసి చదవడం, మళ్లీ మడిచి పెట్టడం, ఇదే సరిపోయింది.

మీరడిగింది చెబుతాను. చూశాడమ్మా. ఇస్సాక్ మమ్మల్ని చూశాడు. పొద్దున్నే అందరం బోటు పైకి ఎక్కి నిలబడ్డాం. జెట్టీ అగ్గిపెట్టంత కనిపిస్తోంది. దానిమీద ఒక్క మనిషి నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. వాడేనమ్మా, ఆ ఊపడం నాకు తెలుసు. చిన్నప్పుడు కాలవ అవతలి గట్టునుంచి నన్ను అలాగే పిలిచేవాడు. నేనూ చెయ్యి ఊపాను. సాయిశ్రీ బందరు లడ్డు పొట్లం ఎత్తి చూపించింది. అప్పుడే మా బోటు ఒక్కసారి పైకి లేచి దిగింది. అంతే, మాకేమీ కాలేదు. అది వాడు చూశాడు. మాకేమీ కాలేదన్న నిమ్మళంతోనే పోయాడు. ఆ దిగులు మీరు పెట్టుకోకండి.

వాడు బంగారం లాంటి మనిషి. ఆ డిసెంబరు నాకు ప్రాణభిక్ష పెట్టి నా ప్రాణస్నేహితుణ్ని తీసుకుపోయింది. పిల్లల చదువుల సంగతి నాకు వదిలెయ్యండి. ఏ అవసరమొచ్చినా విజయవాడలో అన్న ఉన్నాడని మరిచిపోకండి.

ఇట్లు
మీ అన్న
వెంకటప్పయ్య

తా.క. ఉత్తరం మడిచాను గానీ కవరు అంటించడానికి చేతులు రాలేదు. పైన రాసిందంతా అబద్ధం. తీరం కనపడే దూరంలో బోటు ఉంటే ఆ అల మమ్మల్ని మాత్రం వదిలేదా? అప్పుడు ఏ బోటూ కనపడలేదని రేపోమాపో ఆ జాన్‌బాబే మీకు చెబుతాడు. చించేసి ఇంకోటి రాయొచ్చు. కానీ నేనెంత సులువుగా అబద్ధం రాయగలనో మీరు చూడాలి. అందుకే అలాగే పంపుతున్నాను.

మేం అండమాన్ రాలేదు. అసలు బయల్దేరనే లేదు. మా ఆఫీసులో నాలుగేళ్లకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావడానికి ఛార్జీలిస్తారు. వెళ్లకుండానే వెళ్లినట్టు టికెట్లు పుట్టించే ఏజెంట్లుంటారు. ఎంత దూరం చూపిస్తే అంత గిట్టుబాటు. సీజను కాని నెల వేస్తే పైవాళ్లు అనుమానిస్తారు, అక్కడివాళ్లెవరినైనా కనుక్కోండి అన్నాడు మా ఏజెంటు. అక్కడ నాకు తెలిసినవాడు ఇస్సాక్ ఒక్కడే. ఏ నెలలో రమ్మంటావని వాణ్ని అడిగింది అందుకమ్మా.

వాడేమో మేం వస్తున్నామనే నమ్మాడు. మరో రెండు ఉత్తరాలు రాశాడు. తేదీ చెప్పకపోతే సంగతేంటో కనుక్కోమని వాళ్లమ్మను మా ఇంటికి పంపుతాడని భయమేసి ఆ కార్డు పడేశాను. పోర్ట్‌బ్లెయిర్‌లో బోటు దొరక్క తిరిగొచ్చేశామని తర్వాత రాస్తే సరిపోతుందనుకున్నాను. వాడు కదలకుండా నిలబడతానన్నాడని నాకు తెలుసు. మహా అయితే మధ్యాహ్నం దాకా నిలబడి, నన్ను నాలుగు తిట్టుకుని ఇంటికి పోతాడులే అనుకున్నాను.

ఇంటికి తాళం వేసి, అండమాన్ వెళ్తున్నామని వీధి వీధంతా చెప్పి, మంగళగిరిలో రావమ్మ పిన్నిగారింటికి వెళ్లి కూర్చున్నాం. బస్సులో ముప్పావుగంట. ఆ ఆదివారం పొద్దున నేను పడుకున్న మంచం కదిలింది. రోడ్డు మీద లారీ పోయిందనుకుని అటు తిరిగి పడుకున్నాను. సాయంత్రం టీవీలో హట్‌బే పేరు విన్నాను. రావమ్మ ఏడ్చింది, ఇప్పుడైనా బయటపడదాం, నిజం చెప్పేద్దాం అంది. నోరు మూసుకోమన్నాను. సెలవు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ తలుపేసుకుని మూడు పూటలా తిన్నాం.

తిరిగొచ్చాక ఆఫీసులో నా మెడలో దండ వేశారు. వేయించుకున్నాను. బోటు కిందినుంచి అల పోయిందన్న కథ ఆరోజు అప్పటికప్పుడు పుట్టింది. అది మీ అత్తమ్మ చెవిన పడింది. వెళ్లకపోతే బాగుండదని వించిపేట వెళ్లాం. ఆమె వంటింట్లోంచి ఎండుమిరపకాయలు తెచ్చి మా ముగ్గురికీ దిష్టి తీసింది. నా బిడ్డ తన ప్రాణం అడ్డం పెట్టి మిమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు, మీలోనే నా ఇస్సాక్‌ని చూసుకుంటాను అంది. నేను తల ఊపాను. ఆమె పెట్టిన అన్నం తిని వచ్చాను. ఈ ఉత్తరం ఆమెకు మీరు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. నా అంతట నేను ఆ గుమ్మం ఎక్కి చెప్పలేను. రేపు మా ఆఫీసరుకు కూడా ఇదంతా రాసిస్తాననుకుంటున్నాను. ఇస్తానో లేదో, నా మాట నేనే నమ్మడం మానేశాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. వాడు మమ్మల్ని చూడలేదమ్మా. జాన్‌బాబు రెక్క పట్టుకుని లాగుతున్నప్పుడు కూడా వాడు మాకోసమే సముద్రం వైపు చూస్తూ ఉండి ఉంటాడు. మేం మునిగిపోతున్నామన్న భయంతోనే పోయి ఉంటాడు. మునగడానికి మేం అక్కడ లేం.