లెక్కలో లేని నిమిషాలు

అక్టోబర్ 14, 2025, మంగళవారం. ఉదయం 11:10

తొమ్మిదో ఇల్లు పూర్తయింది. పట్టిన సమయం పన్నెండు నిమిషాల నలభై సెకన్లు. కావలివాడు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఇది కొత్త నోటుపుస్తకం కాబట్టి మొదట్లోనే స్పష్టంగా రాసుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచర్‌గా పనిచేశాను. అందులో పదకొండేళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని. స్కూలు నుంచి ఒక్క చాక్‌పీసు కూడా ఇంటికి తెచ్చుకోలేదు. ఇప్పుడు డెబ్బై ఒకటో ఏట, అమెరికాలోని క్యారీలో మా అమ్మాయి రజిని ఇంట్లో టీవీ ముందు కూర్చుని వీడియో గేమ్‌లో దొంగతనాలు చేస్తున్నాను.

ఆట పేరు సెవెన్ లాచెస్. ఒక దొంగ. వరసగా ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఒక కావలివాడు. వాడు ఇల్లు చుట్టి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టుకోగలిగితే చాలు, ఏ గడియైనా తీయవచ్చు. లెక్కపెట్టడం నాకు వచ్చు.

ఈ ఇంట్లో ఆటలకు వారానికి ఒక గంటే అని నియమం పెట్టింది నేనే. మనవరాలు నిధికి పదకొండేళ్ళు. శనివారం అది ఆడుకుంటుంటే చేతి గడియారం చూస్తూ పక్కనే కూర్చుంటాను. గంట కాగానే కంట్రోలర్ తీసుకుని నా గదిలో, సూట్‌కేస్‌లో చీరల కింద పెడతాను. ఆగస్టులో ఒకరోజు అది ఈ ఆట ఆడుతుంటే, ఆగు, వాడు పది సెకన్లలో మళ్ళీ వస్తాడు అని నోరు జారాను. అమ్మమ్మా, యు ఆర్ గుడ్ ఎట్ దిస్ అంది. తర్వాత దానికి బోర్ కొట్టి ఫుట్‌బాల్ ఆటలోకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు.

ఆటలో ముగ్గురు విడివిడిగా ఆడుకోవడానికి మూడు వరసలున్నాయి. మూడోది ఖాళీగా ఉంటే అది తీసుకున్నాను. పేరు పెట్టమని అడిగింది, పెట్టలేదు. రజిని, అల్లుడు శ్యామ్‌సుందర్ ఏడున్నరకి ఆఫీస్‌కి వెళ్తారు. నిధి బస్సెక్కుతుంది. పద్నాలుగు నెలల మనవడు శ్రేయాస్ పదిన్నరకి నిద్రపోతాడు. పదిన్నర నుంచి పదకొండు వరకు నా ఆట. శని, ఆదివారాలు లేదు.

అన్నిటికన్నా ఇష్టం మూడో ఇల్లు. ముసలి ప్రొఫెసర్ ఇల్లు అది. దోచుకోవడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు. అయినా చివరి రెండు నిమిషాలు రోజూ అక్కడికే వెళ్తాను. వంటింటి తలుపు గడియ తీస్తే చిన్న చప్పుడు వస్తుంది. దాని కోసం.

ఇప్పటిదాకా మొత్తం ఆడింది నా లెక్కలో 19 గంటల 30 నిమిషాలు. తెర మీద ఆట చూపించేదీ అంతే. సరిపోయింది.

అక్టోబర్ 17, శుక్రవారం

నా లెక్క 21:00. ఆట లెక్క 21:48.

మూడుసార్లు కూడి చూశాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. ఇక్కడ పని రోజే. తేడా నలభై ఎనిమిది నిమిషాలే, పెరగలేదు. ఎప్పుడో ఆట ఆపకుండా లేచి వెళ్ళి ఉంటాను అని రాసుకున్నాను. అలా లేచి వెళ్ళినట్టు గుర్తులేదు.

అక్టోబర్ 22, బుధవారం. ఉదయం 11:25

అక్షరాలు బాగా రావడం లేదు.

పదో ఇంటి గేటు దగ్గర నిన్న ఆపాను. అది నాకు ఖచ్చితంగా తెలుసు, వెనక లెక్కల పేజీలో రాసి ఉంది. ఇవాళ తెరిస్తే దొంగ పదో ఇల్లు దాటి బయట నిలబడి ఉన్నాడు. మేడ మీద గదిలోని దీపం వాడి సంచిలో ఉంది. ఆ గది నేను చూడనే లేదు. తేడా ఇప్పుడు గంటా ముప్పై మూడు నిమిషాలు.

కాసేపు కళ్ళు మూసుకుని నన్ను నేను పరీక్షించుకున్నాను. పదిహేడో ఎక్కం ఇరవై దాకా. రెండు వర్గమూలం ఆరు దశాంశ స్థానాల వరకు. 1986 పదో తరగతి బి సెక్షన్ హాజరు పట్టీ, నలభై ఒక్క పేర్లు, వరసగా. ఒక్క తప్పు రాలేదు.

మా లలితక్క కూడా చివరిదాకా మా వీధిలో అందరి పెళ్ళి తేదీలు తప్పు లేకుండా చెప్పేది. పొద్దున అన్నం తిన్నదో లేదో మాత్రం తెలిసేది కాదు. ఈ మాట ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాశాను.

శ్రేయాస్‌కి డేకేర్‌లో సీటు జనవరికి గాని రాదు. అప్పటిదాకా పగలు ఎనిమిది గంటలు వాడు నా ఒక్కదాని చేతుల్లో ఉంటాడు.

అక్టోబర్ 23, గురువారం

హాస్టల్లో అనుమానం ఉన్న పిల్ల పెట్టె మీద బియ్యపు గింజ పెట్టేదాన్ని. మూత తెరిస్తే అది జారి పడుతుంది, ఎవరూ గమనించరు. ఇవాళ ఆట అయ్యాక నా సూట్‌కేస్ మూత అంచున ఒక గింజ పెట్టాను.

అక్టోబర్ 24, శుక్రవారం

గింజ పెట్టిన చోటే ఉంది. తేడా రెండు గంటల ఐదు నిమిషాలు.

గింజ సంగతి తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. తీసి, పని అయ్యాక మళ్ళీ అదే చోట పెట్టగలిగినదీ నేను ఒక్కదాన్నే.

అక్టోబర్ 28, మంగళవారం

నిన్న ఆడలేదు. ఇవాళా ఆడలేదు, చూడడానికి మాత్రం తెరిచాను. తేడా రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు. నేను ముట్టుకోకపోయినా పెరిగింది.

ముట్టుకోలేదు అని రాశాను. ముట్టుకోలేదని నాకు ఎలా తెలుసు?

అక్టోబర్ 29, బుధవారం

టబ్ నింపలేదు. శ్రేయాస్‌కి చెంబుతోనే స్నానం పోశాను, ఒక చేత్తో పట్టుకుని. స్టవ్ నాలుగు నాబ్‌లూ ఆపి ఉన్నాయో లేదో గంటకోసారి చూసి టిక్కు పెడుతున్నాను.

ఎదురింటి రేణు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. వీలున్నప్పుడు ఒకసారి తొంగి చూసి వెళ్ళమ్మా అన్నాను. బోర్ కొడుతోందా ఆంటీ, టీవీ పెట్టుకోవచ్చుగా అని నవ్వింది.

నవంబర్ 2, ఆదివారం

ఇవాళ ఈ దేశంలో గడియారాలు ఒక గంట వెనక్కి జరిపారు. శ్యామ్‌సుందర్ మెట్ల కిందినుంచి, అత్తయ్యగారూ, మీకు ఒక గంట ఫ్రీగా వచ్చింది, ఏం చేసుకుంటారు అని అడిగాడు. నవ్వాలి కాబట్టి నవ్వాను. నా దగ్గర ఇప్పటికే రెండున్నర గంటలు ఎవరివో తెలియకుండా ఉన్నాయి.

రేపు రజినికి చెప్పేస్తాను. ఆట సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. చెబుతాను. పిల్లవాడికి ఏమైనా అయ్యాక చెప్పడం కన్నా నయం.

నవంబర్ 3, సోమవారం. సాయంత్రం 7:00

చెప్పాను.

రజిని ఆఫీస్ నుంచి వచ్చి వంటింట్లో బ్యాగ్ పెట్టబోతోంది. రేపటి నుంచి శ్రేయాస్‌ని నా దగ్గర ఒంటరిగా వదలకు అన్నాను. ఏమైందమ్మా, కళ్ళు తిరిగాయా అంది. లేదు, లలితక్కకి వచ్చిందే నాకూ మొదలైంది అన్నాను. నీకెవరు చెప్పారు, ఏ డాక్టర్ చెప్పాడు అని గొంతు పెంచింది. డాక్టర్ కాదు, లెక్క చెప్పింది అని ఈ నోటుపుస్తకం చేతికిచ్చాను.

నిలబడే చదివింది. చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. అమ్మా, అది నేనే అంది.

లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కారులో కూర్చుని, ఐప్యాడ్ మీద ఆడుతుందట. ఇంట్లో టీవీకీ దానికీ ఒకటే అకౌంట్. ఎక్కడ తెరిచినా ఆట ఆగినచోటి నుంచే మొదలవుతుందట. రెండేళ్ళుగా తన వరసలో ఐదో ఇల్లు దాటలేకపోయిందట. ఒకరోజు చూస్తే మూడో వరసలో ఎవరో తొమ్మిది ఇళ్ళు దోచేసి ఉన్నారు. మీ అల్లుడు అనుకున్నానమ్మా, పోనీలే ఈయనకీ ఒక టాలెంట్ ఏడ్చింది అనుకున్నాను, తలుపులు తెరిచి ఉన్నాయి కదా అని నేనూ దూరాను అంది. ఆ ఖాళీ మూడో ఇంటికి మాటిమాటికీ ఎందుకు వెళ్తున్నాడో మాత్రం అర్థం కాలేదట.

ఇంట్లో ఆడుకోవచ్చుగా అన్నాను. నువ్వుండగానా అంది.

ముప్పై తొమ్మిదేళ్ళు దానికి. పన్నెండుమంది దాని కింద పనిచేస్తారు. కారులో తల వంచుకుని ఆడుతుందట, తెలుగువాళ్ళెవరైనా చూసి నాకు చెబుతారేమోనని.

తర్వాత బ్రిక్ గేమ్ సంగతి ఎత్తింది, అప్పట్లో పిల్లలు చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఆట పెట్టె. 1998లో హాస్టల్లో దాని దగ్గర లాక్కున్నాను. నా కూతురైనా అందరితో సమానమే అని, తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టాను. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. అది ఇంకా ఉందా అని అడిగింది. ఉంది, తెనాలి ఇంట్లో బీరువాలో రెండో అర, బ్యాటరీలు తీసే పెట్టాను అన్నాను. మళ్ళీ నవ్వింది, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ.

మొత్తం తేడా ఇవాళ్టికి మూడు గంటల నలభై నిమిషాలు. నువ్వు ఆడింది అంతేనా అని అడిగాను. ఎవరు లెక్కపెట్టారమ్మా, మూడో నాలుగో ఉంటాయి అంది. తేడా అంతా దాని పేరున రాసేశాను.

ఎన్ని రోజులకో కడుపు నిండా అన్నం తిన్నాను.

నవంబర్ 7, శుక్రవారం

కొత్త పద్ధతి. 27:10 దగ్గర పాత లెక్క మూసేశాను. రజిని ఆడిన రోజు ఎన్ని నిమిషాలో నాకు వాట్సాప్‌లో పంపుతుంది. అంకె మాత్రమే, మాట ఉండదు. ఈ నాలుగు రోజుల్లో అది 1:10, నేను 2:00. మొత్తం 30:20. తెర మీద 30:20.

నాలుగుసార్లు చూశాను, చూడడానికే బాగుంది కాబట్టి.

రజిని నన్ను వదలడం లేదు. మేం గోడ దూకితే టార్చిలైటు వేసి పట్టుకునేదానివి, ఇప్పుడు నువ్వే దూకుతున్నావు, నీకు ఏ వార్డెన్‌ని పెట్టాలి అంటుంది. నిధికి మాత్రం చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. శనివారం గంట నియమం అలాగే ఉంది. దాని పక్కన గడియారం పట్టుకుని కూర్చుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

సాయంత్రం నిధికి హాస్టల్లో బియ్యపు గింజ కథ చెప్పాను. అమ్మమ్మా, నిన్న కూడా చెప్పావ్, సేమ్ స్టోరీ, సేమ్ ఆర్డర్ అంది. ఈ మధ్య దానికి మాటకు మాట ఎక్కువైంది.

నవంబర్ 9, ఆదివారం

నిన్న నిధి తన ఫ్రెండ్ బర్త్‌డే పార్టీకి వెళ్ళినప్పుడు రజినీ నేనూ పక్కపక్కన కూర్చుని నలభై నిమిషాలు ఆడాం. నేను సెకన్లు లెక్కపెట్టాను, అది పరుగెత్తింది. పన్నెండో ఇల్లు. మొత్తం 31:00.

ఇవాళ రజిని కాన్ఫరెన్స్‌కని శాన్ డియేగో వెళ్ళింది, గురువారం వస్తుంది. వెళ్తూ ఐప్యాడ్ నా చేతిలో పెట్టి, ఇది కూడా స్వాధీనం చేసుకోండి వార్డెన్‌గారూ, కాగితం అంటించడం మర్చిపోకండి అంది. సూట్‌కేస్‌లో పెట్టాను. అలవాటు కొద్దీ మూత మీద గింజ పెట్టాను.

నవంబర్ 10, సోమవారం

31:30. సరిపోయింది.

నవంబర్ 11, మంగళవారం

వెటరన్స్ డే. నిధికి సెలవు. ఆడలేదు.

నవంబర్ 12, బుధవారం. మధ్యాహ్నం 1:15

పదకొండుకి ఆపాను. కంట్రోలర్ సూట్‌కేస్‌లో పెట్టాను. గింజ పెట్టాను. ఇక్కడిదాకా గుర్తుంది.

శ్రేయాస్ ఏడుపు వినిపించింది. గడియారం చూస్తే 12:38. నేను సోఫాలో ఉన్నాను. కంట్రోలర్ నా చేతుల్లో ఉంది. తెర మీద దొంగ మూడో ఇంట్లో, వంటింటి తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

పిల్లవాడి గొంతు బొంగురుపోయింది. ఎంతసేపటి నుంచి ఏడుస్తున్నాడో నా దగ్గర లెక్క లేదు.

ఇంట్లో మేమిద్దరమే. గింజ కార్పెట్ మీద ఉంది.

రేణుని పిలిచి వాడిని ఆమె చేతికిచ్చాను. శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేశాను, బయలుదేరాడు. రజినికి నేనే చెబుతానన్నాను.

నా లెక్క 32:00. ఆట లెక్క 32:52.

ఎర్ర సిరాతో నాది కొట్టేశాను.