సిరప్ అనే మాట

మార్చి 3, సోమవారం

నిఘంటువు ఆఫీసులో ఈ వారం నాకు 'స' అక్షరం ఇచ్చారు. 'సిరప్' దగ్గర ఆగాను. చక్కెర వేసి చిక్కగా కాచిన ద్రవం, ఇది మొదటి అర్థం. దగ్గు మందు, రెండోది. కానీ మన ఇళ్ళలో రెండోదే మొదటిది. సిరప్ అంటే మూతతో కొలుచుకుని, మొహం చిట్లించి తాగేది. మాట పుట్టుక కూడా కావాలన్నారు ఎడిటర్ గారు.

మార్చి 4

మామయ్యకి పక్షవాతం వచ్చి రెండు నెలలు. కాలూ చెయ్యీ కాస్త కదులుతున్నాయి. మాటలే తారుమారయ్యాయి. కుర్చీ కావాలంటే గొడుగు అంటారు. నలభై ఏళ్ళు ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసిన మనిషి. డాక్టర్ల కోడిగీతలన్నీ చదివేవారు.

ఇవాళ పొద్దుట్నుంచీ షర్బత్ అంటున్నారు. ఆయనకి షుగర్. అయినా మా ఆయన చక్కెర లేకుండా కలిపి ఇచ్చాడు. గ్లాసు తోసేశారు. నేల తుడిచేసరికి నా నడుం పడిపోయింది.

మార్చి 5

మళ్ళీ షర్బత్. రెండు గుటకలు వేసి మళ్ళీ తోసేశారు. ఆడపడుచు ఫోన్ చేసి, నాన్నకి మతి పోయింది, ఏదైనా కేర్ హోమ్‌లో చేర్పిద్దాం అంది. నిజం రాయాలంటే, ఆ మాట కాసేపు నాకు చల్లగా తగిలింది.

మార్చి 6, మధ్యాహ్నం

పుట్టుక దొరికింది. అరబ్బీలో షరాబ్ అంటే తాగేది. అదే లాటిన్, ఫ్రెంచి దాటుకుని ఇంగ్లీషుకి వచ్చేసరికి సిరప్ అయింది. షర్బత్‌దీ ఆ మూలమే. వెనకటి వైద్యులు చేదు మందుల్ని పాకంలో కలిపి ఇచ్చేవారట. చేదు తెలియదు, త్వరగా పాడవదు.

షర్బత్, సిరప్ అక్కచెల్లెళ్ళు అన్నమాట.

అక్కడే పెన్ను ఆగిపోయింది. షర్బత్ అన్న ప్రతిసారీ మామయ్య చెయ్యి ఛాతీ మీద ఉంది. మేం గ్లాసు చూశాం గానీ ఆ చెయ్యి చూడలేదు.

లీవ్ లెటర్ కూడా రాయకుండా వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

మామయ్య ఎదురుగా కూర్చుని, దగ్గు మందా కావాల్సింది, ఛాతీలో బాగోలేదా అని అడిగాను. నా మణికట్టు పట్టుకున్నారు. వదల్లేదు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. న్యుమోనియా అట. తాగినవి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయట. ఇలాంటివాళ్ళకి గట్టిగా దగ్గు రాదట, అందుకే ఇంట్లో తెలియదన్నారు డాక్టరు. ఇకమీదట మంచినీళ్ళయినా వాళ్ళిచ్చిన పొడి కలిపి, సిరప్‌లా చిక్కబరిచి చెంచాతో పట్టమన్నారు. మేమేమో గ్లాసుల కొద్దీ ఇచ్చాం.

మార్చి 9

జ్వరం తగ్గలేదు.

మార్చి 14

జ్వరం దిగింది. ఆడపడుచు వచ్చింది. చిక్కటి నీళ్ళు తనే పట్టింది, ప్రతి చెంచాకీ మింగేదాకా ఆగి. వరండాలోకి వచ్చాక, నేనేనా ఆ మాట అన్నది అని ఏడ్చింది. విన్నప్పుడు నాకూ హాయిగానే అనిపించిందని చెప్పేశాను. నా వంక చూసి, ముక్కు తుడుచుకుని, నువ్వెళ్ళి కాసేపు పడుకో వదినా, నేనుంటాను అంది.

ఏప్రిల్ 2

మామయ్య ఇంటికొచ్చారు. నన్ను 'దువ్వెనా' అని పిలిచారు. పలికాను.