నాన్న గీసిన అంకె

నాన్నా,

ఈ ఉత్తరం వదిన నీకు చదివి వినిపిస్తుంది. వదినా, ఒక్క ముక్క కూడా దాటెయ్యకు.

నీ పాత సామాన్ల కొట్టులోంచి పంపిన నెట్‌వర్క్ కార్డు నిన్న పనిచేసింది. నేనన్నట్టు అది చెత్త కాదు. తప్పు నాది.

లైబ్రరీలో మూలనున్న పాత కంప్యూటరును గడువులోగా మిగతావాటితో కలిపితేనే నా ఉద్యోగం ఖాయమన్నారు కదా. అంత పాత కార్డు తన పేరు తాను చెప్పుకోదు. దాని చిప్పు మీది నంబరు చూసి, దాన్ని నడిపే ఏ ప్రోగ్రాము, అంటే డ్రైవరు, వాడాలో కంప్యూటరులోని లినక్స్ వ్యవస్థకు మనమే చెప్పాలి. కార్డు మెరవాలని నువ్వు కిరోసిన్‌తో తుడిస్తే ఆ నంబరు చెరిగిపోయింది. కానీ తుడవకముందే దాన్ని బొమ్మలా కాగితం మీద గీసి పంపావు. అందులో చివరి అంకె ఎనిమిది. చదువు రాక మూడుకు రెండో వైపు కూడా మూసేశావనుకుని, ఎర్ర సిరాతో మూడుగా దిద్దాను.

మూడు వారాలు తంటాలు పడి, "తెలియని పని నీకెందుకు నాన్నా?" అని ఫోనులో కసిరాను.

"నాకేం తెలుసులే తల్లీ, నాలుగు ముక్కలు చదివినదానివి నువ్వు" అన్నావు. అప్పటినుంచి ఫోను ఎత్తడం లేదు.

నిన్న దిక్కుతోచక నువ్వు గీసిన ఎనిమిదే పెట్టాను. కార్డు మీద పచ్చదీపం వెలిగింది. చూడటానికి ఎవరూ లేరు. గడువు మొన్నే దాటిపోయింది. కొత్త కంప్యూటరు తెచ్చుకున్నారు, రేపటినుంచి నన్ను రావద్దన్నారు.

ఆదివారం వస్తాను. నీ కాగితం తెస్తాను. నా ఎర్రగీత ఎంత రుద్దినా పోవడం లేదు నాన్నా.

నీ కూతురు